పరాయి భాషలో జోకు అందకపోతే: విదేశాల్లో ఉండేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

భాష వచ్చు. ఆఫీసు పని సాగిపోతోంది, బ్యాంకులో, ఆసుపత్రిలో ఇబ్బంది లేదు. కానీ చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారిగా గొల్లుమన్నప్పుడు మాత్రం మీ మొహంలోకి నవ్వు అర సెకను ఆలస్యంగా వస్తుంది, అది కూడా వాళ్లను చూసి తెచ్చుకున్న నవ్వు. కింది ప్రశ్నలన్నీ ఆ అర సెకను చుట్టూ తిరిగేవే.

భాష బాగానే వచ్చు కదా, జోకు మాత్రం ఎందుకు అందదు?

మామూలు మాటకు ఒక అర్థం చాలు. జోకుకు ఒకేసారి రెండు కావాలి. తెలుగులోనే చూడండి. వ్యాపారంలో భాగస్తులిద్దరు మాట్లాడుకుంటున్నారు. "ఇందులో నీ పాలెంత?" అని ఒకరు అడిగితే, "గేదె ఇచ్చినంత" అన్నారు రెండోవారు. ఇది అర్థం కావడానికి మీకు క్షణం పట్టలేదు. కానీ ఆ క్షణంలో బుర్ర ఎంత పని చేసిందో గమనించండి. "పాలు" అంటే వాటా అని ముందు తీసుకుంది. "గేదె" దగ్గర తట్టుకుని ఆగింది. వెనక్కి వెళ్లి ఆ మాటకున్న రెండో అర్థాన్ని పట్టుకొచ్చింది. అవతలి మనిషి కావాలనే తప్పుగా అర్థం చేసుకున్నారని తేల్చింది. ఒకే వాక్యానికి రెండు వేర్వేరు సన్నివేశాలు సరిపోవడం, అవి ఒకదానికొకటి ఎదురు నిలవడమే జోకుకు మూలమని భాషాశాస్త్రవేత్త విక్టర్ రాస్కిన్ 1985లో వివరించారు.

పరాయి భాషలో చిక్కు ఇక్కడే వస్తుంది. ఆ మాటకు మనకు తెలిసింది ఒక్క అర్థమే కావచ్చు. రెండోది తెలిసినా తట్టడానికి సమయం పట్టవచ్చు. ఇంగ్లీషు సంభాషణలో 98 శాతం మాటలు తెలియాలంటే ఆరేడు వేల పదకుటుంబాలు (ఒక మాట, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం) రావాలని భాషాబోధన పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో లెక్కగట్టారు. అంత దూరం వచ్చాక కూడా మిగిలిన రెండు శాతంలో యాస, వాడుక నుడికారం, కొత్తగా పుట్టిన మాటలు ఉంటాయి. జోకులు ఎక్కువగా నివసించేది సరిగ్గా ఆ రెండు శాతంలోనే. కాబట్టి జోకు అందకపోవడాన్ని మీ తెలివికి, హాస్యప్రియత్వానికి ముడిపెట్టవద్దు.

ఎక్కడ తప్పిపోయానో ఎలా కనిపెట్టాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. చాలామంది "నాకు వీళ్ల హాస్యం అర్థం కాదు" అని మొత్తానికి చేతులెత్తేస్తారు. అది రోగం పేరు చెప్పకుండా ఒంట్లో బాగోలేదన్నట్టే. అందరూ నవ్విన వెంటనే చివరి వాక్యాన్ని మనసులో తిరిగి చెప్పుకోండి.

చెప్పుకోలేకపోతే తప్పింది వినికిడి దగ్గర. జోకులో కీలకమైన మాటను తరచూ వేగంగా, గొంతు తగ్గించి అంటారు. పైగా నేర్చుకున్న భాషలో వినేవారిని చుట్టుపక్కల చప్పుడు, మాతృభాషవారిని ఇబ్బంది పెట్టేదానికంటే ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. దీనికి నిఘంటువు పనికిరాదు. కూర్చునే చోటు మార్చుకోవాలి: బల్లకు చివర కాకుండా మధ్యలో, వీపు గోడవైపు పెట్టి, ఎక్కువగా మాట్లాడేవారి పెదాలు కనబడేలా.

వాక్యం తిరిగి చెప్పగలిగారు, కానీ అందులో ఒక మాట పొసగడం లేదు. అయితే అది శ్లేష. ఆ మాటనే పట్టుకోండి. అదే ఉచ్చారణతో ఇంకో మాట ఉందేమో, ఆ మాటకే ఇంకో అర్థం ఉందేమో చూడండి. ఇంగ్లీషు పిల్లల పొడుపుకథ ఒకటుంది: ఆరుకు ఏడంటే భయమెందుకు? జవాబు: "సెవెన్ ఎయిట్ నైన్". ఎనిమిది అనే మాట, తినేసిందనే అర్థమున్న క్రియ ఒకేలా పలుకుతాయి కాబట్టి 7, 8, 9 అని లెక్కపెడుతున్నట్టే ఉంటూ, ఏడు తొమ్మిదిని తినేసిందన్న కథ కూడా వినబడుతుంది. ఆ క్రియను "ఎట్" అని పలికే ఇంగ్లీషువాళ్లూ ఉన్నారు, వాళ్ల నోట ఇదే జోకు సగం చచ్చిపోతుంది. అంటే భాష ఒక్కటే తెలిస్తే చాలదు, ఆ మాట ఎవరి నోట ఎలా పలుకుతుందో కూడా తెలియాలి.

ప్రతి మాటా తెలుసు, వాక్యం మామూలుగానే ఉంది, అయినా అందరూ నవ్వారు. అప్పుడు మీకు తెలియనిది భాష బయట ఉంది: పాత ప్రకటన, రాజకీయ నాయకుడి ఊతపదం, టీవీ పాత్ర, లేదా ఆ గుంపులో పోయిన నెల జరిగిన సంగతి. దీన్ని ఎవరినైనా అడిగి తెలుసుకోవాల్సిందే, ఊహిస్తే అందదు.

ఇక మూడు సెకన్ల తర్వాత దానంతటదే అర్థమైందా? అయితే లోపమేమీ లేదు, వేగం తక్కువ, అంతే. పది భాషల సంభాషణలను పోల్చిన 2009 నాటి పరిశోధనలో ఒకరి మాట ముగిశాక రెండోవారు అందుకునే వ్యవధి సగటున 200 మిల్లీసెకన్ల చుట్టూ తేలింది. మనసులో తెలుగులోకి తిప్పుకునేవారికి ఆ వ్యవధి చాలదు. ముఖ్యంగా ఇంగ్లీషులాంటి భాషల్లో క్రియ ముందే వచ్చేస్తుంది, పంచ్ చివరి నామవాచకంలో పడుతుంది. క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగే మన అలవాటు అక్కడ అడ్డొస్తుంది. తిప్పుకోవడం మానడమే మందు.

ఓ నెలరోజులు చిన్న పుస్తకంలో రాసుకోండి: వాక్యం, ఎవరు అన్నారు, పై నాలుగింటిలో ఏది. పది పదిహేను పడ్డాక మీ లెక్క తేలిపోతుంది. ఎక్కువమందికి ఒకటి రెండు కారణాలే పదే పదే వస్తుంటాయి.

వ్యంగ్యం, వెటకారం ఎలా గుర్తుపట్టాలి?

నిందాస్తుతి మనకు కొత్త కాదు. పైకి తిడుతూ లోపల పొగడటం, పైకి పొగుడుతూ లోపల తిట్టడం రెండూ మన అలంకారశాస్త్రంలో ఉన్నాయి. ఇబ్బందల్లా మనం గొంతును బట్టి పట్టుకోవడానికి అలవాటుపడ్డాం, ఆ గొంతు భాషను బట్టి మారిపోతుంది. ఇంగ్లీషు, కాంటనీస్ భాషల్లో వెటకారాన్ని కొలిచిన 2009 నాటి పరిశోధన ఒకటి ఉంది. ఇంగ్లీషు మాట్లాడేవారు వెటకారానికి స్వరం కిందికి దించితే, కాంటనీస్ వాళ్లు పైకి ఎత్తారు. అంటే మీ భాషలోని గొంతు గుర్తు అవతలి భాషలో సరిగ్గా తలకిందులు కావచ్చు.

కాబట్టి ముందు నిజాన్ని, మాటను పక్కపక్కన పెట్టండి. బయట కుండపోత, లోపలికొచ్చినాయన "ఎంత చక్కటి రోజు!" అన్నాడు. మాట నిజానికి ఎదురుగా ఉంది, అబద్ధమాడాల్సిన అవసరం ఆయనకు లేదు. ఇక మిగిలింది వ్యంగ్యమే. తర్వాత అతిశయం చూడండి: చిన్న విషయానికి "అద్భుతం", "మహానుభావుడు" లాంటి పెద్ద మాట వాడారంటే అనుమానించాలి. ఆపై మొహం చూడండి. కొందరు ఏ కవళికా లేకుండా జోకు వేస్తారు. అలాంటివారిని కాకుండా పక్కనున్నవాళ్లను చూడండి, వాళ్ల పెదవి చివర కదులుతుంది.

తక్కువచేసి చెప్పే పద్ధతి వేరు, అది వెటకారం కాదు. బ్రిటన్‌లో "నాట్ బ్యాడ్" అంటే చాలాసార్లు బాగుందనే. మీ పని చూపించినప్పుడు ఆ మాట వింటే కుంగిపోనక్కర్లేదు.

ఎటూ తేల్చుకోలేకపోతే మాటకు ఉన్న పైఅర్థానికే మామూలుగా జవాబివ్వండి, లేదా చిన్నగా నవ్వి "నిజంగానా?" అనండి. రెండు సందర్భాల్లోనూ ఆ జవాబు చెల్లుతుంది. ఈమెయిల్‌లో మాత్రం ఊహించవద్దు. పనికి సంబంధించిన మాటైతే "ఇది చేయమన్నట్టేనా?" అని నేరుగా అడిగేయండి.

జోకు ఏంటో అడగవచ్చా? అడిగితే చులకనైపోతామా?

అడగవచ్చు. ఎప్పుడు, ఎవరిని, ఏ మాటతో అన్నదే ముఖ్యం. నవ్వులు ఇంకా వినిపిస్తుండగా అందరి ముందు "ఇందులో నవ్వడానికేముంది?" అని అడిగితే తప్పు పడుతున్నట్టు వినిపిస్తుంది, ఏ భాషలోనైనా. అదే పక్కనున్నవారివైపు వంగి "చివరి మాట వినబడలేదు" అంటే వాళ్లు సంతోషంగా చెబుతారు. ఒక్క మాట గురించి అడగండి, మొత్తం జోకు గురించి కాదు. "ఆ పేరెవరిది?", "ఆ మాటకు ఇంకో అర్థముందా?" లాంటి ప్రశ్నకు ఐదు సెకన్లలో జవాబు వస్తుంది, సంభాషణ తెగదు.

మీరుంటున్న చోటి భాషలో ఈ మూడు వాక్యాలు నోటికి వచ్చేలా పెట్టుకోండి: "ఒక్క మాట తప్పిపోయింది", "అది ఏదైనా షోలోదా?", "తర్వాత చెబుదువుగానీ". మూడోది చాలా పనికొస్తుంది. వివరణ తప్పించుకోకుండానే గుంపును ముందుకు సాగనిస్తుంది. తర్వాత నిజంగానే అడగండి. అలా అడగ్గల మనిషిని ఒక్కరినైనా సంపాదించుకుంటే ఏడాది చదువు ఆరు నెలల్లో అయిపోతుంది.

అర్థం కాకుండా నవ్వేయడం తప్పా?

రెండింటిని విడదీయాలి. అందరితో కలిసి చిరునవ్వు నవ్వడంలో మోసమేమీ లేదు. నవ్వుపై పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్ జనం సహజంగా మాట్లాడుకుంటున్నప్పుడు 1,200 నవ్వుల సందర్భాలను గమనించారు. వాటిలో జోకులాంటి మాట తర్వాత వచ్చినవి 10 నుంచి 20 శాతమే. మిగతావన్నీ "సరే, వెళ్లొస్తా", "అదుగో వచ్చాడు" వంటి మామూలు మాటల వెంట వచ్చినవే. నవ్వు ముందుగా తోడుకు గుర్తు, ఆ తర్వాతే హాస్యానికి. కలిసి నవ్వితే మీరు ఆ తోడులో ఉన్నారని చెప్పినట్టు.

కానీ పగలబడి నవ్వడం, "భలే చెప్పావు" అనడం వేరు. అర్థమైందని మాట ఇచ్చినట్టు అది. ఆ జోకు ఎవరినో కించపరిచేది కావచ్చు, కొన్నిసార్లు మిమ్మల్నే కావచ్చు. మీరు నవ్వితే ఒప్పుకున్నట్టే లెక్క. ఎవరి మీద జోకో తెలియనప్పుడు చిరునవ్వు దాటి వెళ్లవద్దు.

నన్ను ఆటపట్టిస్తున్నారా, అవమానిస్తున్నారా?

మొదటి ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే ప్రశ్న ఇది. చాలాచోట్ల ఆటపట్టించడమంటే దగ్గరివాడిగా లెక్కేసినట్టు. కొత్తవాళ్లతో అతిమర్యాదగా ఉండి, చనువు పెరిగాక ఉడికించడం మొదలుపెడతారు. మనవాళ్లు దాన్నే తిరస్కారంగా తీసుకుని దూరం జరిగితే, వాళ్లు మళ్లీ మర్యాదలోకి వెళ్లిపోతారు. చనువు అక్కడితో ఆగిపోతుంది.

అయితే ప్రతిదాన్నీ చనువుగా మింగనక్కర్లేదు. మిమ్మల్ని ఆటపట్టించేవారు ఇతరుల్నీ అలాగే అంటున్నారా, తమను అంటే నవ్వుతున్నారా చూడండి. అంటున్న విషయం మీరు ఎంచుకున్నదా (ఆలస్యంగా రావడం, ఎప్పుడూ ఒకే చొక్కా), లేక మీరు మార్చుకోలేనిదా (ఒంటి రంగు, యాస, మతం, పేరు)? పైఅధికారి ముందు మాత్రమే అంటున్నారా? అన్నిటికంటే గట్టి పరీక్ష ఆపమని చెప్పడం. నవ్వు లేకుండా, కోపం లేకుండా, ఒక్క వాక్యంలో: "నా యాస మీద వద్దు". స్నేహితుడైతే ఆపుతాడు, తరచూ సారీ కూడా చెబుతాడు. "ఊరికే జోకు వేశానంతే, నీకు జోకులు తెలియవు" అంటూ మళ్లీ అదే చేస్తే అది జోకు కాదు. అప్పుడు తేదీ, అన్న మాటలు అదే భాషలో ఉన్నవి ఉన్నట్టు, ఎవరెవరు ఉన్నారన్నది అదే రోజు రాసిపెట్టుకోండి. పని చేసే చోట ఫిర్యాదు చేయాల్సి వస్తే "ఎప్పుడూ వెక్కిరిస్తారు" అనే మాటకు బలం ఉండదు, తేదీలతో కూడిన నాలుగు పంక్తులకు ఉంటుంది.

కామెడీ షోలు చూస్తే అలవాటవుతుందా? ఏవి, ఎలా చూడాలి?

అలవాటవుతుంది, వరుస కుదిరితే. చాలామంది నేరుగా స్టాండప్‌తో మొదలుపెట్టి నీరసపడిపోతారు. అది అన్నిటికంటే కష్టం: ఒకే మనిషి, దృశ్యం సాయం లేదు, యాస, బూతు, స్థానిక రాజకీయం అన్నీ కలిసిపోతాయి. ముందు పిల్లల పొడుపుకథల పుస్తకం ఒకటి చదవండి, శ్లేషలు అందులో విడివిడిగా, పొట్టిగా దొరుకుతాయి. తర్వాత ఒకే ఇంట్లోనో ఆఫీసులోనో నడిచే సిట్‌కామ్. పాత్రలు మారవు, కాబట్టి పిసినారి ఎవరో, గొప్పలు పోయేదెవరో ఐదారు ఎపిసోడ్లకు తెలిసిపోతుంది. అక్కడినుంచి సగం జోకులు పాత్రను బట్టే అందుతాయి. స్టాండప్, రాజకీయ వ్యంగ్యం చివరికి ఉంచుకోండి.

చూసే పద్ధతి: మూడు నాలుగు నిమిషాల ముక్క చాలు. మొదటిసారి సబ్‌టైటిల్స్ లేకుండా చూసి, వెనక నవ్వుల శబ్దం వచ్చిన ప్రతిచోటా ఒక గీత పెట్టండి. రెండోసారి అదే భాష సబ్‌టైటిల్స్‌తో, ప్రతి గీత దగ్గరా ఆపి చివరి వాక్యం చదవండి. తెలుగు సబ్‌టైటిల్స్ వద్దు, అనువాదకుడు శ్లేషను తీసేసి వేరే మాట పెట్టి ఉంటాడు. మూడోసారి మళ్లీ సబ్‌టైటిల్స్ తీసేయండి. ఇది తప్పకుండా చేయాలి, ఎందుకంటే రాత చాలాసార్లు నటుడి నోటికంటే ముందే పంచ్‌ను తెరమీదికి తెచ్చేస్తుంది. చదవడానికి అలవాటుపడిన కన్ను చెవిని పనిచేయనివ్వదు. వారానికి ఇలాంటివి మూడు ముక్కలు చేస్తే సరిపోతుంది, గంటలకొద్దీ చూడటం కంటే మేలు.

మాటలన్నీ తెలుసు, సందర్భమే తెలియదు. ఆ లోకజ్ఞానం ఎక్కడ దొరుకుతుంది?

ప్రతి భాషకూ నిలవ సరుకు ఉంటుంది. ముందు అది తెలుసుకుంటే చాలా దూరం వెళ్తారు. అమాయకుడి జోకులకు ఫ్రెంచివారు బెల్జియం వాళ్లను వాడతారు, జర్మన్లు తూర్పు ఫ్రీసియా వాళ్లను, స్పెయిన్‌లో లెపె ఊరివాళ్లను. రష్యన్ జోకుల్లో వోవొచ్కా అనే పేరు వస్తే తుంటరి బడిపిల్లాడన్నమాట. ఆ పేరు చెప్పగానే వినేవాళ్లు నవ్వడానికి సిద్ధమైపోతారు. మీకు పేరు తెలియకపోతే ఆ సిద్ధపాటే ఉండదు. ఇవి అర్థం చేసుకోవడానికే పెట్టుకోండి. బయటినుంచి వచ్చినవారి నోట అవే జోకులు బాగుండవు.

జోకుల ఆకారాలు కూడా నేర్చుకోవాలి. జపాన్‌లో జంటగా చేసే మాటల హాస్యం "మంజాయ్"లో ఇద్దరుంటారు: పిచ్చిమాట అనేవాడు "బొకె", వెంటనే దాన్ని పట్టుకుని దిద్దేవాడు "త్సుక్కొమి". మామూలు కబుర్లలో కూడా జపనీయులు ఈ జంటలోకి జారిపోతారు. ఎవరైనా తిక్కమాట అంటే మీరు దిద్దాలని వాళ్లు ఎదురుచూస్తారు. మర్యాదగా ఊరుకుంటే జోకు గాల్లో ఉండిపోతుంది. "ఫుతోన్ గా ఫుత్తోందా", అంటే పరుపు ఎగిరిపోయింది, అలాంటి ధ్వని శ్లేషలకు అక్కడ ప్రత్యేకంగా "దజారె" అనే పేరే ఉంది. ఫ్రెంచిలో అక్షరాలను తిరగేసే వాడుక భాష "వెర్లాన్". ఆ పేరే "లాన్వెర్", అంటే తిరగేసినది, దాన్ని తిరగేస్తే వచ్చింది. ఈ సూత్రం తెలిస్తే పిచ్చివాడు అనే అర్థమున్న "ఫూ" ఎందుకు "ఊఫ్" అయిందో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

నేను జోకు వేస్తే ఎవరూ నవ్వరు. ఎందుకు?

సాధారణంగా అది తెలుగులోంచి తెచ్చిన జోకు. పరీక్ష సులువు: ఆ జోకులో ఉన్నది మాటా, సన్నివేశమా? మాటైతే దాటదు, పై "పాలు" జోకును ఏ భాషలోకి తిప్పినా మిగిలేది గేదె ఒక్కటే. సన్నివేశమైతే దాటవచ్చు. ముందుగా వివరించాల్సినవి ఒకటికంటే ఎక్కువ ఉంటే వదిలేయండి. చెప్పడానికి ఇరవై సెకన్లు దాటినా వదిలేయండి.

మొదట్లో కథలాంటి జోకుల జోలికే పోవద్దు. అందరికీ కనిపిస్తున్నదాని మీద చిన్న అతిశయోక్తి చాలు. లిఫ్ట్ పది నిమిషాలుగా రావడం లేదు, "మెట్లు కట్టుకుని వెళ్దామా?" అనండి. సందర్భం కళ్లముందే ఉంది, వ్యాకరణం సులువు, ఎవరికీ తగలదు. ఇక పంచ్ మాటను ముందే వాక్యం చివరికి వచ్చేలా మనసులో అమర్చుకోండి, దాని తర్వాత ఇంకేమీ అనవద్దు. కొత్తగా నేర్చుకున్నవారు పంచ్ తర్వాత "అంటే..." అని వివరణ మొదలుపెడతారు. రాబోయిన నవ్వు అక్కడే ఆగిపోతుంది.

ఎవరూ నవ్వకపోతే మళ్లీ చెప్పకండి. మామూలు మాటలోకి వెళ్లిపోండి. ఉచ్చారణ వల్ల అందలేదనిపిస్తే తర్వాత నమ్మకమైన మనిషి దగ్గర అదే మాట పలికి చూపించి దిద్దించుకోండి.

బూతు జోకులు?

వద్దు, కనీసం చాలాకాలం వరకు. పెద్దయ్యాక నేర్చుకున్న భాషలో బూతు మాట మనకు మాతృభాషలో తగిలినంత గట్టిగా తగలదు. దాని వాత వినేవాళ్లకే తెలుస్తుంది, అన్న మనకు తెలియదు. బరువు తెలియని రాయి విసరకూడదు.

ఎక్కడ అసలు జోకు వేయకూడదు?

విమానాశ్రయం భద్రతా తనిఖీలో, ఇమిగ్రేషన్ కౌంటర్‌లో, పోలీసుల దగ్గర. సంచిలో బాంబు ఉందన్న జోకును అక్కడ బెదిరింపుగానే తీసుకుంటారు, ప్రయాణం ఆగడమే కాదు, కేసు దాకా వెళ్లవచ్చు. డాక్టర్ దగ్గర నొప్పి గురించి, తాగుడు గురించి సరదాగా చెప్పిన మాట అలాగే రికార్డులోకి ఎక్కవచ్చు.

ఎంతకాలం పడుతుంది?

యూరప్ భాషా స్థాయిల్లో ఎ1 నుంచి సి2 వరకు ఆరు మెట్లున్నాయి. సరదాగా, పరోక్ష ప్రస్తావనలతో మాట్లాడగలగడాన్ని ఐదో మెట్టయిన సి1లో పెట్టారు. కాబట్టి బి1లో ఉండి జోకులు అందడం లేదని బాధపడటం తొందరపాటు. అయితే మెట్టు ఎక్కేదాకా ఆగనక్కర్లేదు. రోజూ కలిసే నలుగురి హాస్యం మొత్తం భాష హాస్యం కంటే చాలా ముందే పట్టుబడుతుంది, ఎందుకంటే ఎవరైనా తిప్పి తిప్పి వేసేవి నాలుగైదు రకాల జోకులే.

చాటింగ్‌లో వాళ్లు పెట్టే గుర్తులు నవ్వో కాదో తెలియడం లేదు.

థాయ్‌లో "555" అని వస్తే అది నవ్వు, ఆ భాషలో ఐదును "హా" అంటారు. స్పానిష్‌లో జే అక్షరాన్ని "హ"లా పలుకుతారు కాబట్టి "జజజ" అని కనిపించేది హహహ. జపనీస్‌లో నవ్వు అనే అర్థమున్న "వరాయ్"లోని మొదటి ఇంగ్లీషు అక్షరం డబ్ల్యూను వరుసగా పెడతారు. అలా పెడితే గడ్డి మొలిచినట్టు కనబడుతుందని ఇప్పుడు గడ్డి అనే అర్థమున్న "కుసా" అన్నా నవ్వే. రష్యన్లు నవ్వుమొహం గుర్తులో కళ్లకు పెట్టే చుక్కలు వదిలేసి, మూసే బ్రాకెట్లు ")" మాత్రమే పెడతారు. ఒక్కటి పెడితే చిరునవ్వు, మూడు నాలుగు పెడితే గట్టి నవ్వు. అది టైపింగ్ పొరపాటని దిద్దబోకండి, మీరూ ఒకటి పెట్టి పంపండి.